మా యమ్మ చేతి గడియారము

గత సంవత్సరము మా తల్లి కాలము చేసిన పిదప, ఆమె ట్రంకుపెట్టె సర్దుచుండగా, రవికగుడ్డ మడతలో పావలా బిళ్లంత చేతి గడియార మొకటి నా కంటబడినది. ముఖముపై కంపెనీ పేరు చెరిగిపోయినది. వెనుక మూతమీద స్విట్జర్లాండు ముద్రమాత్రము మిగిలియున్నది. కీ యిచ్చి చూచితిని, ముల్లు కదలలేదు.

దానిని బజారులోని మరమ్మతుదారునొద్దకు గొనిపోతిని. అతడు భూతద్దము కంటికి తగిలించుకొని లోపలికి చూచి, "నూనె ఎండిపోయింది మాస్టారూ! రోజూ కీ ఇచ్చే బాధ ఇంకా ఎందుకు? లోపలి మిషను తీసేసి బ్యాటరీది బిగించేస్తాను," అనెను. నేను సరే యనబోవుచుండగా, ప్రక్కనున్న నా కుమార్తె, "లోపలిది తీసేస్తే అది నాయనమ్మ గడియారం ఎట్లా అవుతుంది నాన్నా?" అని యడిగినది. మరమ్మతుదారు నవ్వి, భూతద్దమును దాని చేతికే యిచ్చెను. తరువాత నేనును చూచితిని.

ఆ యంత్రము నా బొటనవ్రేలి గోరుకన్న పెద్దది కాదు. కీ త్రిప్పగా చిన్న డబ్బీలో స్ప్రింగు చుట్టుకొనును. అది విప్పుకొనుచు పండ్ల చక్రముల నడపును. ఆ వేగము నొక చిన్న లంగరు అడుగడుగున నాపుచు విడుచుచుండును. ఆ యడుగుల లెక్క అటునిటు నూగు బాలన్సు చక్రముచేతిలో నున్నది. దానికి వెంట్రుకవంటి స్ప్రింగు నమర్చి హాలెండు దేశస్థుడగు హైగెన్సు 1675లో గడియారపు నడకను చక్కబరచెను. ఈ తరగతి యంత్రములు గంటకు 18,000 దెబ్బలు కొట్టును. అనగా దినమునకు 4,32,000. ఇంత రాపిడికి లోహ మరుగకుండుటకై ఇరుసుల కొనలను కెంపులలో నిలుపుదురు. రాతి కీ విధముగ రంధ్రము చేయు పద్ధతికి 1704లో ఇంగ్లండునందు హక్కుపత్రము లభించినది. వెర్నుయి యను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు కృత్రిమముగ కెంపులు చేయు విధమును 1902లో ప్రకటించిన పిదప, అవి సామాన్యుల గడియారములకును అందినవి. మా యమ్మ గడియారములో నట్టివి పదునేడు. ఒంటిపై కెంపు లెన్నడును ధరింప నోచుకొనని యామె, యీ పదునేడింటిని తానెరుగకయే మోసినది.

ఇంత చిన్న గడియారము లెందులకు పుట్టినవి? మొదట పురుషుల గడియారము జేబులో నుండెడిది. ముంజేతి గడియారము స్త్రీల కంకణములో నొక సొగసు. పురుషులు దానిని ఆడుసొమ్మని పరిహసించెడివారు. 1914–18 నాటి మహాయుద్ధములో సైనికులకు జేబు తడవుకొను తీరిక లేక, అదే సొమ్ము పౌరుషచిహ్న మయ్యెను. పిదపను స్త్రీల గడియారములు మాత్రము చిన్నవగుచునే వచ్చినవి. స్విట్జర్లాండులోని లకూల్త్రు వారు 1929లో తెచ్చిన యంత్రము 14 మిల్లీమీటర్ల పొడవు, 4.8 మిల్లీమీటర్ల వెడల్పు; బరువు సుమా రొక గ్రాము. ఎలిజబెత్తు రాణి 1953లో పట్టాభిషేకమునాడు అట్టి యంత్రము గల గడియారమునే ధరించినది. నిపుణత యద్భుతమే. కాని చక్రము చిన్నదైనకొలది దాని యూపునకు నిలుకడ తగ్గును. చేయి విదలించినను, నూనె చిక్కబడినను నడక చెడును. సొగసుకొరకు చిన్నదానిని చేసి, అది సరిగా నడువదని నిందించుట న్యాయముకాదు.

ఈ వాక్యము వ్రాయుచుండగా మా యమ్మయే జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆమె పెండ్లి 1974లో జరిగినది. పెండ్లికుమారునకు చేతి గడియారము కావలెనని మావారు కోరగా, మా తాతగారు పాడిగేదె నమ్మి దానిని తెచ్చిరట. ప్రతిదినము ఉదయమున నాన్నగారి గడియారమునకు కీ యిచ్చి, కాఫీ గ్లాసు ప్రక్క నుంచుట మా యమ్మ పని. 1979లో నామెకు ప్రాథమిక పాఠశాలలో నుద్యోగ మైనది. జీతములో నెలకు కొంత మిగిల్చి, రెండవచేతి సరుకుగా నీ చిన్న గడియారమును కొనుక్కొన్నది. మా నాయనమ్మ, "ఆడదానికి వాచీ ఎందుకే? పొద్దు తెలియటం లేదా?" అన్నదట. మా యమ్మ బదులు చెప్పలేదు. నాకు తెలిసిన నాటినుండియు, బడినుండి వచ్చునప్పుడు వీధి గుమ్మముకడనే దానిని విప్పి కొంగున ముడివేసికొనెడిది. బాల్యములో నేనది యణకువ యనుకొంటిని. బడిలో గంటకు విలువ కలదనియు, ఇంటిలో లేదనియు ఆమెకు నేర్పిన వారిలో నేనును నొకడనని యిప్పుడు తెలియుచున్నది.

గడియారమను మాటకు ఘటిక మూలము. ఇరువదినాలుగు నిమిషముల గడియను అరువది విఘడియలుగా విభజించి, పెండ్లి ముహూర్తమును విఘడియ తప్పకుండ లెక్కించు జాతి మనది. ముహూర్తము దాటిన పిదప ఆ వధువు గంటలను లెక్కించు వారెవరు?

యంత్రమును మార్పింపక బాగుచేయించితిని. 1969లో జపానువారు మొదట విక్రయించిన క్వార్ట్జు గడియారముల జాతికి చెందిన బ్యాటరీ మిషను దీనికన్న సరిగా నడచునని నాకు తెలియును. దానితో నాకు వైరము లేదు. మరమ్మతుదారు, "వారం రోజులు చూసి ఎంత తేడా వస్తుందో రాసుకు రండి" అని చెప్పగా, నా కుమార్తె యా పని పైన వేసికొన్నది. ఎనిమిదవనాడు దాని పుస్తకము తెరచితిని. ఫోనులోని కాలము, గడియారములోని కాలము ప్రక్కప్రక్కన వ్రాసి, గురుతుకొరకు ఇంటిలో నప్పుడు జరుగుచున్న దానినికూడ వ్రాసినది. "4-40, అమ్మ లేచింది. 5-15, అమ్మ నీళ్లు పట్టింది. 6-50, నాన్న లేచాడు. 9-50 రాత్రి, నాన్న పడుకున్నాడు. 10-45, అమ్మ గిన్నెలు సర్దింది." ఏడు దినములును ఇంచుమించుగా నిట్లే యున్నవి. చివర, "రోజుకు నిమిషమున్నర వెనుక" అని యున్నది.

స్త్రీవిద్యనుగూర్చి సభలలో నేను మాటలాడియున్నాను. ఆ పుస్తకము చేతబట్టుకొని నా భార్యయెదుట నిలిచినప్పుడు నాకు మాట రాలేదు. ఆమె చదివి, "ఇదేమన్నా కొత్తా?" అని పుస్తకము తిరిగి యిచ్చి పనిలోనికి పోయినది. మరునాటినుండి నీళ్లు పట్టుటయు, రాత్రి గిన్నెలు తోముటయు నా వంతు చేసికొంటిని. దీనిని గొప్పగా చెప్పుకొనుటకు లేదు. నలువదియైదవ యేట మొదలిడిన పని.

గడియార మిప్పుడు నా కుమార్తెచేతి కున్నది. ప్రతి యుదయమును అదే కీ యిచ్చి, వెనుకబడిన నిమిషమున్నరను దిద్దుకొనును. నిన్న సాయంకాలము బడినుండి వచ్చి, గుమ్మము దాటి, వంటయింటిలోనికి పోయి మంచినీళ్లు త్రాగినది. గడియారము చేతినే యున్నది.