మా పేట ముచ్చట్లు – 17: మెడ మీద బిళ్ళ

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మకి మెడ ఎడం పక్కన, దవడ కింద ఉసిరికాయంత బిళ్ళ కట్టింది. చెయ్యి తగిలితే ప్రాణం పోయేది. మిరపకాయ కోతల రోజులు. కూలి పోతుందని తలకీ మెడకీ కలిపి గుడ్డ కట్టుకుని వారం పాటు పనికి పోయింది. ఒకరు దిష్టి అన్నారు, ఒకరు గండమాల అన్నారు. నాయనమ్మ సున్నం, బెల్లం కలిపి పట్టేసింది.

ఆసుపత్రిలో డాక్టరు "ఏ ఊరు, ఏ పేట?" అన్నాడు. చెప్పాం. ఇక ఆయన చెయ్యి బల్ల దాటలేదు. పెన్నుతో "అటు తిరుగు" అని సైగ చేసి, మాత్రలు రాసిచ్చాడు. మెడ మీద గడ్డని ముట్టుకోకుండా చూసే వైద్యం ఏ పుస్తకంలో ఉందో మరి!

1929లో కాఠియావాడ్‌లో బాలింత అయిన ఒక దళిత స్త్రీకి డాక్టరు థర్మామీటరు తన చేత్తో పెట్టలేదు. ఒక ముస్లిం చేతికిచ్చి, అతని నుంచి భర్త చేతికి ఇప్పించాడు. ఆమె చనిపోయింది. ఆ సంగతి బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాశారు. అది చదివినప్పుడు నాకు ఆ పెన్నే గుర్తొచ్చింది.

నెల తిరక్కుండా బిళ్ళ మళ్ళీ లేచింది. ఈసారి పట్నం పోయాం. అక్కడ డాక్టరమ్మ రెండు వేళ్ళతో అమ్మ మెడంతా తడిమింది, చెవుల వెనక నొక్కింది, జుట్టు పాయలు తీసి చూసింది, నోట్లో టార్చి వేసింది. కింది దవడ పన్ను పుచ్చిపోయి ఉంది. పన్ను పీకించాక పది రోజుల్లో బిళ్ళ కరిగింది.

కాల్లో ముల్లు దిగి చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది కదా, మెడా అంతే. పుచ్చుపన్ను, గొంతు వాపు, చెవిలో చీము, పేలు పడి తలలో పుళ్ళు. ఉన్నట్టుండి వచ్చి నొప్పి పెట్టేది ఎక్కువగా వీటివల్లే. నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా, ఊపిరాడకపోయినా ఆ పూటే ఆసుపత్రికి పరిగెత్తాలి.

నొప్పి లేని బిళ్ళని మనవాళ్ళు వదిలేస్తారు. నాకు భయం దాంతోనే. రెండు మూడు వారాలైనా తగ్గకుండా పెరుగుతుంటే, సాయంత్రం జ్వరం, మనిషి చిక్కిపోవడం ఉంటే, సూదితో తీసి పరీక్ష చేయించాలి. టీబీ కావచ్చు, గండమాల అనేది అదే. క్యాన్సరూ కావచ్చు. టీబీ మందులు సర్కారు ఆసుపత్రిలో ఉచితం, మామూలుగా ఆరు నెలలు వాడాలి. ఊపిరితిత్తుల్లో లేకుండా మెడ బిళ్ళకే ఉన్న టీబీ పక్కవాళ్ళకి అంటదు. కంచం వేరు పెట్టకండి, మనకి తెలియని బాధ కాదది.

అమ్మ ఆ పన్ను సంగతి ఎప్పుడో మర్చిపోయింది. ఎవరైనా ఆసుపత్రి మాటెత్తితే మాత్రం ఇప్పటికీ మెడ తడుముకుని అంటుంది: "ఆ డాక్టరమ్మ చేతులు ఎంత చల్లగా ఉన్నాయిరా."

(ఇంకా ఉంది)