సందేహం అడిగే బొమ్మ

మా రాయపూర్‌లోనే త్ర్యంబక్ శర్మగారు 1996 నుంచి ‘కార్టూన్ వాచ్’ అనే మాసపత్రిక తెస్తున్నారు. పత్రికంతా కార్టూన్లే! అలాంటి ఊళ్లో ఉండి ఆన్‌లైన్ డిగ్రీ పాఠాలు చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. స్లైడు వెనక స్లైడు, వాటి వెనక ఒక గొంతు. ఎవరైనా బొమ్మ పెట్టినా అది కళ్లజోడు రోబో. మాస్టారు చెప్పిందే మళ్లీ చెబుతుంది.

పాఠంలోకి బొమ్మని తెస్తే విషయం తెలియనివాణ్ణే తేవాలండీ. కెమెరా ఆపుకుని కూర్చున్న కుర్రాడికి మైకు నొక్కాలంటే మొహమాటం. పగలు ఉద్యోగం చేసి రాత్రి చదువుకునేవాళ్లకి మరీనూ. వాళ్లు మింగేసిన ప్రశ్నని ఆ బొమ్మ అడిగెయ్యాలి.

తెలియనివాడి బొమ్మతో పాఠం చెప్పడం కొత్తేమీ కాదు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికా సైన్యానికి బళ్ల సంరక్షణ నేర్పడానికి కార్టూనిస్టు విల్ ఐస్నర్ జో డోప్ అనే సిపాయిని గీశాడు. వాడు పట్టుకున్నదల్లా పాడుచేస్తాడు. వాడి తప్పు చూసి సైనికులు ఒప్పు నేర్చుకోవాలన్నమాట. 1951లో మొదలైన సైన్యం పత్రిక ‘పీఎస్’లోకీ వాడు వచ్చాడు. చదివినవాళ్లేమీ పసిపిల్లలు కారు సుమండీ.

మనకి ముళ్లపూడివారి మాటతో, బాపుగారి గీతతో పుట్టిన అల్లరి పిల్లాడు బుడుగు ఉండనే ఉన్నాడు. అలాంటివాడు స్టాటిస్టిక్స్ క్లాసులో దూరి, “ఇంటికి సగటున రెండున్నర మంది పిల్లలైతే ఆ అరపిల్లాడు ఎవరింట్లో ఉన్నాడూ?” అన్నాడనుకోండి. సగటు అంటే ఏమిటో అక్కడే మొదలుపెట్టొచ్చు.

ముక్కూమొహం తర్వాత, ముందు గుణం తేల్చుకోవాలి. రాయపూర్‌లో పుట్టిన హబీబ్ తన్వీర్ 1975లో ఆడించిన ‘చరణ్‌దాస్ చోర్’ నాటకం చూడండి. చరణ్‌దాస్ దొంగే, కానీ ఇచ్చిన మాట తప్పడు. ఆ ఒక్క గుణం పట్టుకునే ప్రేక్షకుడు ‘ఇప్పుడేం చేస్తాడో’ అని ముందుకు వంగుతాడు. ఇక గీతంటారా, చిన్న ఫోన్లో కూడా కనుబొమలు కనిపించేంత తేలిగ్గా ఉంటే చాలు.

నేనైతే మా ఊరి శాస్త్రీ బజారులో కూరలమ్ముతూ దూరవిద్యలో బీకాం చదివే అమ్మాయిని గీయిస్తాను. లెక్క తేలందే పుస్తకం మూయకపోవడం ఆమె గుణం. అకౌంట్స్ పాఠం సగంలో ఆపించి, “సార్, అరువుకి అమ్మిన కూరల డబ్బు ఇంకా నా చేతికే రాలేదు, దాన్ని ఈ నెల లాభంలో ఎలా రాస్తారు?” అని అడుగుతుంది. అప్పుడు మాస్టారు స్లైడు పక్కనపెట్టి ఆమె అరువు ఖాతా తెరవాలి.