కూత ఎవరిది?

మొన్న మా అక్క కూతురు ఏలూరులో ఓ టీషర్టు కొనుక్కొచ్చింది. దాని మీద పెద్ద తల, ఇంతింత కళ్ళు, పొట్టి గౌను: బెట్టీ బూప్. "ఈ బొమ్మకి మూలం ఓ నల్లపిల్ల, తెలుసా పిన్నీ? బేబీ ఎస్తర్" అంటూ ఇన్‌స్టాలో తను పెట్టిన ఫోటో చూపించింది. ఆ ఫోటోలో ఉన్నది ఎస్తర్ కాదు, ఈకాలపు మోడల్. నాకెలా తెలుసంటే, రెండేళ్ళ క్రితం నేనూ అదే పెట్టాను.

అసలు కథ అంత సాఫీగా లేదు. 1930లో ఫ్లైషర్ స్టూడియోలో గ్రిమ్ నాట్విక్ గీసినప్పుడు బెట్టీకి కుక్క చెవులుండేవి. పోలికలు మాత్రం హెలెన్ కేన్‌వి. పాట మధ్యలో 'బూప్ బూప్' అంటూ ముద్దుముద్దుగా పాడి పేరు తెచ్చుకున్న తెల్ల గాయని ఆవిడ. నా రూపం, నా గొంతు దొంగిలించారంటూ 1932లో రెండున్నర లక్షల డాలర్లకి దావా వేసింది. 1934లో విచారణ. కంపెనీ తరఫున లూ బోల్టన్ అనే మేనేజరు బోనెక్కాడు. ఆ అక్షరాలు ఎస్తర్‌కి నేనే నేర్పాను, 1928లో న్యూయార్క్ క్లబ్బులో ఆ పిల్ల పాడుతుంటే కేన్ వచ్చి చూసింది అన్నాడు. ఎస్తర్ పాడిన ఫిల్ము ముక్క కూడా కోర్టులో వేశారు. కేన్ ఓడిపోయింది.

అలాంటి పాట ఎస్తర్‌తోనే పుట్టిందని నేననను. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1926లోనే రికార్డిచ్చాడు. నన్ను తొలిచేది వేరే. ఎస్తర్ ఆ కోర్టుకి రాలేదు. ఆ పిల్ల పేరెత్తినవాళ్ళు ఆమెకేదో ఇప్పిద్దామని ఎత్తలేదు, తాము కట్టకుండా బయటపడదామని ఎత్తారు.

మాది తాడేపల్లిగూడెం. అమ్మమ్మ వాళ్ళది కొల్లేటి పక్క ఊరు. అక్కడ పక్కింటి పిల్ల, నాకన్నా ఏడాది చిన్నది, వాళ్ళ నాన్న కాపలా కాసే చేపల చెరువు మీద నీటికాకుల్నీ కొంగల్నీ తోలేది. రేకు డబ్బా వాయిస్తూ సినిమా పాట ఎత్తుకుని, చరణం చివర గొంతు విరిచి కూతలోకి దూకేది. పిట్టలు లేచిపోయేవి. తను మాత్రం మళ్ళీ సరిగ్గా శ్రుతిలోకే దిగేది.

తొమ్మిదో తరగతిలో పాటల పోటీకి ఏలూరు వెళ్ళాను. పాసింజర్లో పూళ్ళ, భీమడోలు దాటేదాకా ఆ కూతే సాధన. ఫస్టు వచ్చింది. "ఈ విరుపు ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని జడ్జి అడిగారు. "సొంతంగానేనండీ" అన్నాను. స్టీలు గ్లాసుల సెట్టు ఇచ్చారు.

ఆ వేసవిలో అమ్మమ్మ గొప్పగా నా చేత పాడించింది, ఆ పిల్ల ముందే. నాకు గొంతు లేవలేదు. అయినా పాడాను. ఆ పిల్ల చప్పట్లు కొట్టి, "నాకన్నా నీకే బాగా కుదిరిందక్కా" అంది. తిట్టినా బాగుండేది. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని చెరువు గట్లు కొట్టేశాక, వాళ్ళు పనులు వెతుక్కుంటూ వెళ్ళిపోయారు.

గ్లాసులు ఇంకా ఉన్నాయి, ఒకటి తక్కువ. అక్క కూతురికి మజ్జిగ వాటిలోనే ఇచ్చాను.

"అయితే ఫోటో తీసెయ్యనా పిన్నీ?"

తీసెయ్యమన్నాను. గ్లాసుల సంగతీ, ఆ పిల్ల పేరూ దానికి చెప్పాను. ఆ పేరు ఇక్కడా రాద్దామంటే ముందు ఆమెని అడగాలి. నా దగ్గర నంబరు లేదు.