నాగోల్ ట్రాక్ మీద ఎనిమిది... డాలస్ రోడ్డు మీద సున్నా!

తెల్లారి ఆరున్నర. ఎల్‌బీ నగర్ రింగ్‌రోడ్డు దగ్గర విజయవాడ నుంచి వచ్చిన ప్రైవేటు బస్సులు జనాన్ని దింపుతున్నాయి. సంచులు, అట్టపెట్టెలు, నిద్ర మొహాలు... వాళ్ల చుట్టూ ఆటోవాళ్లు. సాగర్ వైపు, ఉప్పల్ వైపు, హయత్‌నగర్ వైపు, దిల్‌సుఖ్‌నగర్ వైపు పోయే బండ్లన్నీ ఒక్కచోట కలుసుకునే ఆ గందరగోళంలోకి మెల్లగా ఓ పాత మారుతి కారు వచ్చింది. నెత్తిన డ్రైవింగ్ స్కూలు బోర్డు. ముందూ వెనకా ఎర్రటి ఎల్ అక్షరం. స్టీరింగు పట్టుకుని చెమటలు కక్కుతున్నది మా చెల్లెలు. పక్క సీట్లో మాస్టారు. వెనక సీట్లో, దేవుడి మీద భారం వేసి, నేను!

చెల్లెలంటే మా బాబాయి కూతురు. ఇరవై మూడేళ్లు. ఇంజినీరింగ్ అయింది. ఆగస్టులో టెక్సాస్‌లో ఎమ్మెస్ చేరాలి. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో కోచింగ్ సెంటర్ బోర్డుల పక్కన విదేశీ చదువుల కన్సల్టెన్సీ బోర్డులుంటాయి. వాటికి కాస్త కిందుగా డ్రైవింగ్ స్కూలు బోర్డు. ఈ మూడింటినీ ఒకే పిల్ల వరసగా ఎక్కి దిగుతుందన్నమాట. పోయిన ఏడాది వేసవిలో మా చెల్లెలి పని అదే.

ఆ ఉదయం ఇంటికొచ్చి టీ తాగుతుంటే బాబాయి అడిగాడు. ఆయనది నల్గొండ జిల్లా. ఉద్యోగం కోసం దిల్‌సుఖ్‌నగర్ వచ్చి ముప్పై ఏళ్లయినా మాట మారలేదు, స్కూటరూ మారలేదు.

"అక్కడికి పోయినంక మల్ల పరీక్ష రాయాల్నట గదా! మరి ఇన్ని పైసలు పెట్టి ఇక్కడ ఈ లైసెన్సు ఎందుకురా?"

నా దగ్గర జవాబు లేదు. విలేకరినై ఉండి తెలియదంటే ఎలా? ఆరా తీయడం మొదలుపెట్టాను.

ఎనిమిది గీస్తే పాస్!

ఎల్‌బీ నగర్ నుంచి ఉప్పల్ దారిలో వెళితే నాగోల్ వస్తుంది. అక్కడి డ్రైవింగ్ టెస్ట్ ట్రాకులంటే నగరంలో తెలియనివాళ్లు తక్కువ. పొద్దున్నే గేటు ముందు జనం. చేతుల్లో ఫైళ్లు, నోట్లో గోళ్లు. ఇంటర్ పరీక్షకు కూడా ఇంత భయపడలేదని ఒకాయన పక్కవాడితో చెబుతున్నాడు.

లోపల 8 ఆకారంలో ఒక దారి. హెచ్ ఆకారంలో ఇంకొకటి... ముందుకెళ్లి, వెనక్కొచ్చి, గీతలు తాకకుండా బయటపడాలి. చిన్న ఎత్తు ఎక్కుతూ మధ్యలో ఆపి, బండి వెనక్కి జారకుండా మళ్లీ కదిలించాలి. మా చెల్లెలు హెచ్‌లో వెనక్కొస్తూ ఒకసారి తప్పింది. రెండోసారి పాసైంది. ఇంటికి పోయేదాకా నవ్వు ఆగలేదు.

ఒక్క మాట మాత్రం చెప్పుకోవాలి. ఆ ట్రాక్ మీద ఎదురుగా బస్సు రాదు. అడ్డంగా మనిషి పరిగెత్తడు. వెనక నుంచి ఎవడూ హారన్ కొట్టడు. గీతల మధ్య బండి తిప్పడం వచ్చా రాదా అన్నదే అక్కడి పరీక్ష. కొత్తపేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా సాయంత్రం ఏడింటికి కారు తీసుకురావడం వేరే పరీక్ష. దానికి మార్కులు వేసేవాళ్లెవరూ లేరు.

ఆ పుస్తకం ఏమిటంటే...

లైసెన్సు చేతికొచ్చాక చెల్లెలు ఇంకో దరఖాస్తు పెట్టింది. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. పాస్‌పోర్టు, వీసా కాగితాలు జతచేసి రవాణా శాఖకు ఇస్తే పాస్‌పోర్టులాంటి చిన్న పుస్తకం ఇస్తారు. కేంద్ర నిబంధనల ప్రకారం ఫీజు 1,000 రూపాయలు, సర్వీసు చార్జీలు అదనం. గడువు ఒక్క ఏడాది. మన దేశంలో ఇది ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకంగా ఉండేది. 2022 ఆగస్టులో కేంద్రం అన్నిచోట్లా ఒకే నమూనా ఉండాలని చెప్పి, దాని మీద క్యూఆర్ కోడ్ కూడా పెట్టించింది.

దీన్ని చూసి చాలామంది ప్రపంచమంతా చెల్లే లైసెన్సు అనుకుంటారు. కాదు! ఇది లైసెన్సుకు అనువాదం మాత్రమే. 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం ఒక దేశం లైసెన్సును మరో దేశం పోలీసు చదివి అర్థం చేసుకోవడానికి ఏర్పాటైన కాగితం. అసలు లైసెన్సు జేబులో లేకపోతే ఇది ఉన్నా లేనట్టే. చుట్టం చూపుగా వెళ్లినవాళ్లకి పనికొస్తుంది, కాపురం పెట్టేవాళ్లకి కొద్దిరోజులే. మన పిల్లలు డాక్టరీ చదవడానికి వెళ్లే చైనాలోనైతే అసలు చెల్లదు.

అమెరికాలో ఏ రాష్ట్రం లెక్క ఆ రాష్ట్రానిదే. టెక్సాస్‌లో స్థిరపడినవారికి 90 రోజులు. కాలిఫోర్నియాలోనైతే నివాసం ఏర్పరచుకున్నాక పది రోజుల్లో అక్కడి లైసెన్సుకు వెళ్లాలి. బ్రిటన్ నయం, ఏడాది పాటు మన లైసెన్సు మీద నడపనిస్తుంది. జర్మనీ ఆరు నెలలు. ఆ తర్వాత? మళ్లీ అ ఆల నుంచి. సింగపూర్‌లో ఏడాదిలోపు థియరీ పరీక్ష ఒక్కటి పాసైతే మన లైసెన్సును మార్చి ఇస్తారు. అలాంటి చోట్లు తక్కువ.

చిత్రమేమిటంటే, కొన్ని దేశాలవాళ్లకి ఈ తిప్పలే లేవు. పాత కార్డు ఇచ్చి కొత్త కార్డు తీసుకుంటారు. బ్రిటన్‌కు ఇలాంటి జాబితా ఒకటుంది. ఆస్ట్రేలియా, జపాన్, సింగపూర్ సరే... జింబాబ్వే కూడా ఉంది. మనం లేము! 2021లో ఆ జాబితాలోకి యూఏఈ చేరింది. దుబాయ్‌లో పరీక్ష పాసైన మన తెలుగువాడు బ్రిటన్ వెళ్తే నేరుగా అక్కడి లైసెన్సుకు మార్చుకోవచ్చు. నాగోల్‌లో పాసైన మనిషి అదే బ్రిటన్ వెళితే ఏడాది తిరిగేసరికి మళ్లీ ఎల్ బోర్డు పెట్టుకోవాలి. చేతులు అవే, కళ్లు అవే. వాళ్లు నమ్మేది మనిషిని కాదు, అతని వెనకున్న పరీక్షను.

నాకైతే మొదట ఉక్రోషం వచ్చింది. తర్వాత నాగోల్ ట్రాక్ గుర్తొచ్చి కొంత తగ్గింది. పూర్తిగా తగ్గలేదు. జింబాబ్వే సంగతి ఇప్పటికీ మింగుడుపడదు. దేశాల మధ్య పాత చుట్టరికాలు, ఒప్పందాలు కూడా ఈ జాబితాల్లో పనిచేస్తాయని అర్థమైంది.

ఆగడం రాని అక్క

ఈ కథ మా ఇంట్లో కొత్తది కాదు. 2013లో మా అక్క బావతో పాటు డాలస్ వెళ్లింది. అప్పటికే దిల్‌సుఖ్‌నగర్‌లో నాలుగేళ్లు కారు నడిపిన మనిషి. సాయిబాబా గుడి ముందు గురువారం రద్దీలో కూడా కారు దూర్చగలదు. అలాంటిది అక్కడ మూడు నెలలు ఇంట్లోంచి కదల్లేదు.

ఎందుకంటే, కదలడానికి ఏముంది అక్కడ? దిల్‌సుఖ్‌నగర్‌లో సందు చివర ఆటో ఉంటుంది. సిటీ బస్సులున్నాయి, 2018 సెప్టెంబరు నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో ఉంది. ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీలో టికెట్టు కూడా లేదు. అక్క ఉన్న పేటలో పాల ప్యాకెట్ కావాలన్నా కారే దిక్కు. బావ పొద్దున కారు తీసుకెళితే సాయంత్రమే రావడం. డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. "జైలు కాదు కానీ గేటు దాకా నడిచే ఓపిక కూడా పోయిందిరా" అని ఫోన్లో చెప్పేది. లైసెన్సు ఆమెకు సరదా కాదు, గడప దాటే దారి.

టెక్సాస్‌లో లైసెన్సులు ఇచ్చేది డీపీఎస్. ఎల్‌బీ నగర్ వాళ్లకు డీపీఎస్ అంటే నాదర్‌గుల్ దగ్గర పిల్లల బడి! అక్కడ అది పబ్లిక్ సేఫ్టీ శాఖ. రాత పరీక్షలో 30 ప్రశ్నలు, 21 సరిగ్గా రాస్తే పాస్. అక్క పుస్తకం కంఠతా పట్టింది. అది మనకు వెన్నతో పెట్టిన విద్యే కదా.

రోడ్డు పరీక్షకు కారు మనమే తీసుకెళ్లాలి. బావ సెలవు పెట్టి తీసుకెళ్లాడు. పక్కన కూర్చున్న పరీక్షాధికారి మర్యాదగానే మాట్లాడిందట. పది నిమిషాలు నడిపాక ఇక చాలంది. ఫెయిల్!

తప్పేమిటి? స్టాప్ అని బోర్డు ఉన్నచోట అక్క ఆగలేదు. నెమ్మదించింది, అటూ ఇటూ చూసింది, ఎవరూ లేరు కాబట్టి పోనిచ్చింది. మన లెక్కలో అది మహా జాగ్రత్త. వాళ్ల లెక్కలో చక్రం పూర్తిగా నిలవాలి, రోడ్డు ఖాళీగా ఉన్నా సరే. ఇంకో తప్పు, లేన్ మారేటప్పుడు అద్దంలో చూసిందే తప్ప మెడ తిప్పి భుజం మీదుగా చూడలేదు.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఖాళీ పార్కింగ్ స్థలంలో బావ ఆమెకు ఆగడం నేర్పాడు. నడపడం కాదు, ఆగడం! బడి బస్సు ఎర్రలైట్లు వేసి నిలబడితే, మధ్యలో డివైడర్ లేని రోడ్డయితే ఎదురుగా వచ్చేవాళ్లు కూడా ఆగాలి. ఎర్ర సిగ్నల్ దగ్గర కుడివైపు తిరగొచ్చు, కానీ ముందు పూర్తిగా ఆగాలి. రెండోసారి పాసైంది. ఆ రోజు ఆమె ఒంటరిగా కారు తీసుకుని ఎక్కడికెళ్లిందో తెలుసా? ఎక్కడికీ లేదు. పేట చుట్టూ మూడు రౌండ్లు కొట్టి వచ్చింది.

కార్డు వచ్చాక ఇంకో సంగతి చూసింది. గడువు తేదీ ఆమె వీసా కాగితాల్లోని తేదీయే. వీసా పొడిగింపు ఆలస్యమైన ప్రతిసారీ బావకి ఉద్యోగం గుబులు, అక్కకి లైసెన్సు గుబులు.

తిరిగొస్తే ఏమైంది?

2024 చివర్లో వాళ్లు వచ్చేశారు. వనస్థలిపురంలో ఇల్లు. బావ దగ్గర పాత లైసెన్సు భద్రంగా ఉంది. 2003లో తీసుకున్నది, దాని మీద ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. ఇరవై ఏళ్ల గడువు 2023లోనే తీరిపోయింది. వెళ్లేటప్పుడున్న రాష్ట్రమే రెండయింది, లైసెన్సు ఎంత!

గడువు తీరి అయిదేళ్లు దాటనంతవరకు పరీక్ష లేకుండా రెన్యూవల్ చేసే పద్ధతి ఒకప్పుడు ఉండేది. 2019 సవరణతో అది ఏడాదికి తగ్గింది. ఏడాది దాటితే మళ్లీ ట్రాక్ ఎక్కాల్సిందే. విదేశాల్లో ఉన్నవాళ్లు ఈ తేదీని తరచూ మరిచిపోతారు, సెలవుల్లో వచ్చినప్పుడే చూసుకోవాలి.

అయితే బావకు ఇంకో దారి దొరికింది. 1988 మోటారు వాహనాల చట్టంలో 9వ సెక్షన్ ఉంది. విదేశంలో అధికారులు ఇచ్చిన లైసెన్సు ఉన్నవారికి అదే తరహా బండి కోసం ఇక్కడ పరీక్ష పెట్టనక్కర్లేదని, ఆరోగ్య నిబంధన పాటిస్తే చాలని అందులో రాసి ఉంది. టెక్సాస్ కార్డు, కాగితాలు చూపించాడు. తెలంగాణ లైసెన్సు వచ్చింది. నాగోల్ ట్రాక్ మీద కాలు పెట్టలేదు.

మన కార్డు అక్కడ చూపిస్తే మళ్లీ పరీక్ష. వాళ్ల కార్డు ఇక్కడ చూపిస్తే పరీక్షే లేదు!

నిజానికి పరీక్ష అవసరమైంది బావకే. పదకొండేళ్లు కుడివైపు నడిపిన మనిషి. మొదటిరోజు పనామా దగ్గర నడిచిపోయే ముసలావిడ కోసం మర్యాదగా ఆగాడు. వెనక ఆటో డిక్కీకి ముద్దు పెట్టింది. ఎడమవైపు తిరగాల్సిన చోట వైపర్లు తిరిగాయి, ఇండికేటరు వెలగలేదు. రెండోరోజు కారు తాళాలు అక్కకు ఇచ్చేశాడు. మూడోరోజు ఎవరూ చెప్పకుండానే వెళ్లి డ్రైవింగ్ స్కూల్లో పది రోజులకు డబ్బు కట్టాడు.

మాస్టారు మా చెల్లెలికి నేర్పినాయనే. రెండు రోజులు పక్కన కూర్చుని చూసి అన్నాడట:

"సార్, మీరు మంచిగనే నడుపుతున్నరు. కాని మీరు ఆగుతరని వెనకోళ్లకు తెల్వది."

బావ ఇప్పుడు ఆగుతాడు. ఆగే ముందు అద్దంలో చూస్తాడు, చెయ్యి బయట పెట్టి ఊపుతాడు. హారన్ కూడా కొడుతున్నాడు, కాస్త మొహమాటంగా.

ఇక బాబాయి ప్రశ్నకు జవాబు. చెల్లెలు వెళ్లేముందు రాత్రి చెప్పాను... బాబాయ్, మొదటి 90 రోజులు ఈ కార్డూ ఆ చిన్న పుస్తకమూ పనికొస్తాయి. తర్వాత పరీక్ష తప్పదు, కానీ చేతికి స్టీరింగు అలవాటై ఉంటుంది. సెలవులకు వస్తే ఇక్కడ నడుపుకోవచ్చు, కార్డు ఆమెకు నలభై ఏళ్లు వచ్చేదాకా చెల్లుతుంది.

ఆయన కార్డు తిరగేసి చూశాడు. "నలభై ఏండ్ల దాకనా?" అని ఒకసారి కూతురి వైపు చూసి, కార్డు ఆమె పర్సులో తనే పెట్టాడు.

చెల్లెలు అక్కడ పరీక్ష రాసి పాసైంది, మొదటిసారికే. స్టాప్ బోర్డు సంగతి అక్క ఇక్కడి నుంచే రోజూ ఫోన్లో నూరిపోసింది లెండి.

మొన్న పొద్దున రింగ్‌రోడ్డు దగ్గర నిలబడి ఉంటే అదే పాత మారుతి కనిపించింది. అదే మాస్టారు. స్టీరింగు దగ్గర, రెండు చేతులూ బిగబట్టి, యాభై నాలుగేళ్ల మా బాబాయి! నేను చెయ్యి ఊపినా చూడలేదు. సాయంత్రం ఫోన్ చేసి అడిగితే, "డిసెంబర్ల పిల్ల వస్తుంది. శంషాబాద్ నుంచి స్కూటర్ మీద తీసుకొస్తనా?" అన్నాడు.