అమ్మ దాచిన సవరను

మా మధురలో బంగారం ధర అడిగేవాళ్లు ‘సవరను ఎంత?’ అనే అడుగుతారు. ఎనిమిది గ్రాములు ఒక సవరను. పవును అని కూడా అంటాం. ఆంధ్రదేశంలో ఉన్న మన బంధువులు కాసు అంటారు. మూడు తరాలుగా ఇక్కడే ఉన్న మా ఇంట్లో ఈ మూడు మాటలూ వినబడతాయి. వీటిలో మొదటి రెండూ ఇంగ్లీషువారి నాణెం నుంచి వచ్చాయని, బ్యాంకులో ఇన్నేళ్లు నగల మీద అప్పులిచ్చిన నేనే ఆలోచించలేదు.

అమ్మ పోయాక ఆమె పెట్టెలో అయిదో జార్జి బొమ్మ ఉన్న సవరన్లు రెండు దొరికాయి. ఒకటి రింగు అతికించి గొలుసులో వేసుకున్నది. రెండోది పసుపు గుడ్డలో చుట్టి దాచినది. బ్యాంకు ఆఫీసర్ని గనుక పంపకం నా మీద పడింది. తూకం వేయించి, రింగు బరువు తీసేసి, ‘రెండూ సమానమే’ అన్నాను. గొలుసుది చెల్లెలికిచ్చి, గుడ్డలోది నేనుంచుకున్నాను.

కొన్నాళ్లకు నాణేలు సేకరించే మిత్రుడొకరు మా ఇంటికి వచ్చి, నా సవరను భూతద్దంలో చూశారు. ఆయన చెప్పగా, తర్వాత చదివి తెలుసుకున్న సంగతులివి. ఈ నాణెం 1817లో లండన్‌లో మొదలైంది. బరువు 7.98 గ్రాములు, 22 కారట్లు, అంటే మేలిమి బంగారం 7.32 గ్రాములు. గుర్రం మీద సెయింట్ జార్జి డ్రాగన్‌ను చంపుతున్న బొమ్మ ఇటలీ శిల్పి పిస్త్రూచి చెక్కినది. 1899లో వచ్చిన చట్టంతో మన దేశంలో సవరను 15 రూపాయలకు చెల్లుబాటయింది. అలా వచ్చినవి చాలామటుకు చలామణిలో తిరగక, మన ఆడవాళ్ల మెడల్లోకీ పెట్టెల్లోకీ చేరాయి.

ఆ గుర్రం కింద సంవత్సరం ఉంటుంది. దాని పైన చిన్న అక్షరం ఉంటే అది టంకశాల గుర్తు. ఎస్ అంటే సిడ్నీ, ఎం అంటే మెల్‌బోర్న్, పి అంటే పెర్త్; ఏమీ లేకపోతే లండన్. నా నాణెం మీద 1918, ఐ అనే అక్షరం ఉన్నాయి. ఐ అంటే ఇండియా. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, ఆ ఒక్క ఏడాది తేదీతోనే బొంబాయిలో సుమారు 12 లక్షల 95 వేల సవరన్లు ముద్రించారు. 1917 నాటి లండన్ సవరనంత అరుదైనది కాకపోయినా, అరగని దానికి బంగారం ధర మీద కొంత అదనంగా ఇచ్చేవాళ్లున్నారు. రింగు అతికించిన నాణేనికి ఆ అదనం ఉండదు. దాన్ని బంగారంగానే లెక్కగడతారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా మాట నమ్మి చెల్లెలు మారు మాట్లాడకుండా తీసుకుంది. తెలియక చేసిన తప్పే, కాని ఇప్పుడు తెలిసింది కదా! ఆదివారం బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లి, ఉన్న సంగతి చెప్పాను. ‘మార్చుకుందామా అమ్మా?’ అన్నాను.

తను గొలుసు చేత్తో పట్టుకుని, ‘అమ్మ మెడలో ఉన్నది ఇదే కదా అన్నయ్యా! నాకిదే ఉండనీ’ అంది. తేడాలో సగం ఇస్తానంటే ఒప్పుకోలేదు. నేనూరుకోలేక ఆ సొమ్ము మేనకోడలి పేర డిపాజిట్ వేసి రసీదు పంపాను. చీవాట్లు ఇంకా రాలేదు.

మన ఇళ్లలో ఇలాంటి సవరన్లు ఇంకా ఉంటాయి. దయచేసి చింతపండుతోనూ పాలిష్‌తోనూ తోమకండి. గీటురాయి మీద రుద్దనివ్వకండి. రింగు వేయించే ముందు, కరిగించే ముందు, ముఖ్యంగా పంచుకునే ముందు, ఒక్కసారి భూతద్దం పెట్టి గుర్రం కింద చూడండి.