పిల్లలకోడికి ఎర్రపిల్ల

గుంటూరు మిరపకాయల యార్డు పక్కనుంచి పోతూ తుమ్మకుండా ఉండగలిగినవాడు ఆ ఊరివాడే అయివుండాలి. నేను పరాయి ఊళ్ళో స్థిరపడి చాలాకాలమైంది గనుక వరసగా మూడు తుమ్మాను.

మార్చి నెలాఖరు. యడ్లపాడు దగ్గర కుడిచేతి పక్కన రెడ్డిరాజుల నాటి కొండవీడు కొండలు ఎండకు వెలిసిపోయి కనిపించాయి. చిలకలూరిపేటలో కాఫీ తాగి పర్చూరు దారి పట్టాం. నల్లరేగడి నేల నెర్రెలు విచ్చి ఉంది. పత్తి తీతలు అయిపోయి గట్లమీద పత్తికట్టె మోపులు మిగిలాయి. ఎటు చూసినా కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు, ఎర్ర జంపఖానాలు పరిచినట్లు.

మా బాబాయి ఊరు పర్చూరుకు దగ్గర. ఆ ఊరు మొదట గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ఏర్పడిన కొత్త జిల్లాలోకి పోయింది, అదే తరువాత ప్రకాశం జిల్లా అయింది. 2022లో బాపట్ల జిల్లాలో చేరింది. "మేం కదల్లేదురా, జిల్లాలే కదిలాయి" అంటాడు బాబాయి.

మోకాళ్ళ నొప్పులవల్ల వచ్చే ఏటినుంచి ఆయన పొలం కౌలుకిచ్చేస్తున్నాడు. సొంత చేతులమీద ఇదే ఆఖరి కల్లం. నలభయ్యేళ్ళు కల్లం పక్కన నులకమంచం వేసుకుని కావలి పడుకున్న మనిషి. "పగటి ఫోటోలు ఎవరైనా తీస్తారు. రాత్రిపూట కల్లం, పైన చుక్కలు, అట్లా ఒకటి తీసిపెట్టరా" అన్నాడు. అందుకే నేను కెమేరా పట్టుకుని వెళ్ళింది.

ఆ రాత్రి చంద్రుడు లేడు. ఎనిమిది గంటలకు పడమటి దిక్కుగా కెమేరాను ముక్కాలి స్టాండుమీద నిలబెట్టి, ముప్ఫై సెకన్లపాటు కన్ను తెరిచి ఉంచాను. కింద కల్లం, పైన పిల్లలకోడి, అంటే కృత్తికలు. మా పిన్ని తెరమీద బొమ్మ చూసి వేలుపెట్టి లెక్కపెట్టింది.

"ఏమయ్యా, పిల్లలకోడికి ఎర్రపిల్ల ఎప్పుడు పుట్టింది?"

నిజమే. ఆ నీలపు చుక్కల మధ్య మిరపగింజంత ఎర్రచుక్క! పది నిమిషాలాగి, స్టాండు కదపకుండా మరో ఫోటో తీశాను. చుక్కలన్నీ పడమటికి వాలాయి. ఎర్రపిల్ల మాత్రం ఉన్నచోటే ఉంది. "మా ఊరిదేలే, కదలదు" అన్నాడు బాబాయి.

అది ఆకాశంలోది కాదు, నా కెమేరాలోది. డిజిటల్ కెమేరాలో ఫిల్ము స్థానంలో సిలికాన్ పలక ఉంటుంది. దానిమీద కోట్లకొద్దీ సూక్ష్మమైన గుంటలు. వెలుతురు పడితే వాటిలో ఎలక్ట్రాన్లు చేరతాయి. చిక్కేమిటంటే, చీకట్లోకూడా వేడికి కొన్ని చేరుతూనే ఉంటాయి. ఆరు నుంచి ఎనిమిది డిగ్రీల వేడి పెరిగితే ఆ చేరిక దాదాపు రెట్టింపవుతుంది. సిలికాన్‌లో లోపమున్న గుంటలు మిగతావాటికంటే తొందరగా నిండి వెలుగుచుక్కలుగా కనిపిస్తాయి. వాటినే హాట్ పిక్సెల్స్ అంటారు. ప్రతి గుంటమీదా ఎరుపో, ఆకుపచ్చో, నీలమో ఏదో ఒక రంగు జల్లెడ ఉంటుంది. కొడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంటు వచ్చిన ఏర్పాటది. ఎర్ర జల్లెడ కింది గుంట చెడితే ఎర్రపిల్ల పుడుతుందన్నమాట.

ఈ బాధ హబుల్ టెలిస్కోపుకూ తప్పలేదు. 2009లో దానికి అమర్చిన కెమేరాలో ఒక పలకను సున్నాకు దిగువ 82 డిగ్రీల చలిలో ఉంచుతారు. అయినా అంతరిక్షంలోని రేణువుల తాకిడికి కొత్త హాట్ పిక్సెల్స్ పుడుతూనే ఉంటాయి. నెలకోసారి ఆ పలకను వెచ్చబరిస్తే చాలావరకు నయమవుతాయట. మన వేసవిరాత్రి వెచ్చదనం అంత పుణ్యం చెయ్యదు!

ఇంటికి వచ్చి కంప్యూటర్లో మచ్చలు తుడిచే మీట నొక్కాను. ఎర్రపిల్ల పోయింది. బాబాయి కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"పక్క కల్లంలో కావలి దీపం ఏమైందిరా?"

దూరాన సూదిమొనంత వెలుగు. మీట దాన్నికూడా మచ్చ అనుకుంది. "ఆ దీపం ఉందనే ధైర్యంతోనే నిద్రపోయేవాణ్ణి" అన్నాడాయన. నేను మాట్లాడలేకపోయాను.

మర్నాడు పొద్దున పిన్ని కూలివాళ్ళతోపాటు కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. ఒక కొత్త పిల్ల మంచికాయలు కూడా తీసేస్తుంటే, "తాలేదో తెలుసుకుని ఏరవే" అని మందలించింది. ఆ మాట నాకే తగిలింది. తాలు తెలుసుకునే ఉపాయం కెమేరాలోనే ఉంది. కంటికి మూతపెట్టి, మళ్ళీ అంతసేపే ఫోటో తీయాలి. వెలుతురు లేదు గనుక అందులో కనిపించే చుక్కలన్నీ తాలే. మొదటి ఫోటోలోనుంచి వాటిని తీసివేస్తే సరి.

వెంటనే మూతపెట్టి తీశాను. పొద్దుటి చల్లదనానికి చుక్కలు తగ్గాయి, రాత్రివాటితో సరిపోలేదు. అదే వేడి, అదే వ్యవధి, అదే అమరిక ఉండాలి. మిగిలింది ఒక్క రాత్రే. మర్నాడు కాయలు టిక్కీలకెత్తి గుంటూరు పంపుతారు.

ఆ రాత్రి తెర ఆర్పేసి, ఫోటోకూ ఫోటోకూ మధ్య కెమేరాకు విశ్రాంతినిచ్చాను. ప్రతి ఫోటో వెంబడే మూతపెట్టి మరొకటి.

"మూతపెట్టి ఏం తీస్తున్నావురా?"

"తాలు తీస్తున్నా బాబాయ్."

చాలా కెమేరాలు ఈ పని వాటంతట అవే చేస్తాయి. అందుకే రాత్రిఫోటో తీశాక అంతసేపూ పలక్కుండా ఉంటాయి. పాడైందనుకుని కట్టేయకండి.

తెల్లవారి లారీ వచ్చింది. టిక్కీలు ఎక్కిస్తుండగా బాబాయికి ఫోటో చూపించాను. పిల్లలకోడి పక్కన ఎర్రపిల్ల లేదు. ఆయన చుక్కలు చూడలేదు, కాయలూ చూడలేదు. మూలనున్న ఆ సూదిమొన వెలుగుమీద వేలుపెట్టి, "ఉంది" అన్నాడు.