మా యింటి మేడమెట్లు

ఇంటిలో గోడలకును కప్పునకును గల మన్నన మెట్లకు లేదు. నిత్యము పాదములక్రింద నుండుటచేత కాబోలు, అవి క్రుంగువరకు వానివంక చూచువారుండరు.

వేలూరును ఆనుకొనియున్న బాగాయములో, వైద్యకళాశాల ఆవరణమునకు కొంతదూరమున, మా పెద్దలు కట్టిన యిల్లున్నది. ఇటుకసున్నపు గోడలు, కొయ్యదూలములపై మిద్దె, నడుమ హాలునుండి మేడకు టేకుమెట్లు. మేడగదిలో మా తల్లిగారును, తాతగారినాటి తెలుగు పుస్తకముల బీరువాయు నుండును. 1911లో చిత్తూరు ప్రత్యేకజిల్లాగా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతపు తెలుగు కుటుంబములు ఉత్తర ఆర్కాటులోనే మిగిలినవి. బడిలో తమిళమును ఆంగ్లమును చదువు మా పిల్లలకు తెలుగుబడి ఆ గదియే; ఉపాధ్యాయిని మా తల్లిగారే.

గత సంవత్సరము వానలు వెలిసిన పిదప మెట్ల నడుము అంగుళముమేర క్రుంగినట్లు కనబడెను. గోడకును మెట్లకును మధ్య వ్రేలు దూరునంత సందు ఏర్పడినది. మా తల్లిగారిని ఇరువురము పట్టుకొని మెల్లగా క్రిందికి దింపితిమి. పుస్తకములు పైననే యుండిపోయినవి, చదువు ఆగినది.

కాంక్రీటు మెట్లు కట్టింపుడని కొందరు మిత్రులు సలహా చెప్పిరి. ఆ బరువునకు క్రొత్త పునాది వలయును, సున్నపుగోడను తొలువవలయును. ప్రాతగోడ అందులకు ఓర్చునాయని జంకితిమి. తుదకు గుడియాత్తమునుండి ఒక వృద్ధ ఆచారిని పిలిపించితిమి. ఆయన దీపము పట్టుకొని మెట్లక్రింద దూరి, ఉలిమొనతో అక్కడక్కడ పొడిచిచూచి, “సామీ, మెట్లు బాగానే ఉండాయి. కాళ్లే పుచ్చిపోయినాయి” అనెను.

ఆ మాట నిజము. మెట్లబరువును ఇరుప్రక్కల ఏటవాలుగానున్న రెండు పలకలు మోయును. వానిలో చెక్కిన గాళ్లలో మెట్లకొనలు దూరియుండును. కొయ్యచీలలు వానిని బిగించియుంచును. ఎండకు కొయ్య కుదించుకొనును, తేమకు ఉబ్బును. ఏండ్లు గడచినకొలది చీలలు వదులగును. మా యింట పలకల అడుగుకొనలు నేలచెమ్మకు మెత్తబడి, చెదలుపట్టి, క్రిందికి జారినవి. అందుచేతనే పలక గోడను వీడినది, నడుము క్రుంగినది.

ఆచారి మొదట రెండు గుంజలు నిలిపి బరువును వానిపైకి మార్చెను. పిమ్మట జాకీతో ఎత్తసాగెను. అంగుళములో ఎనిమిదవవంతును ఇచ్చటి వడ్రంగులు నూలందురు. దినమునకు ఒక నూలు మాత్రమే ఎత్తెను. ఒక్కసారిగా ఎత్తరాదాయని అడిగితిమి. “ఏండ్లతరబడి వంగిన కొయ్య సామీ, ఒక్కనాడే లేపితే కీళ్లు పగులుతాయి” అని బదులిచ్చెను. ఎనిమిది దినములకు నడుము సమమైనది.

తరువాత పుచ్చిన కొనలు కోసి, టేకుముక్కలను సగముసగము చెక్కి అతికి, బోల్టులతో బిగించెను. వానిక్రింద నల్లరాతిపలక పరచి, నేలచెమ్మ కొయ్యకు తాకకుండ చేసెను. పలకలు విడివడకుండ అడ్డముగా ఇనుపకడ్డీలు వేసెను. గోడవైపు పలకను ఇనుపపట్టీలతో గోడకు పట్టించెను. వదులైన చీలలు తీసి క్రొత్తవి దిగగొట్టెను. నడుమ గుంజ నొకదానిని శాశ్వతముగా నిలిపెను.

మా తల్లిగారు మరల మేడగదికి చేరిరి. సాయంకాలపు చదువు సాగుచున్నది. ఏటేట వానలకు ముందు దీపము పట్టి మెట్లక్రింద చూచుట మాకు నియమమైనది. ప్రాతయిండ్లుగల సోదరులకు మా మనవి యొక్కటే: మెట్టు కిర్రుమన్ననాడే వంగిచూడుడు. మా బీరువాలోని పుస్తకములకు దారి ఆ మెట్లొక్కటే.